నాలుగు బ్రేకు రబ్బర్లు

బెజవాడ, 1944 జనవరి 17, సోమవారం

బ్రేకు రబ్బర్లు దొరికాయి. దొరికాయంటే, మంగళగిరిలో సైకిలు షాపు హనుమయ్య తయారు చేసి ఇచ్చాడు. మలయా జపాను చేతికి పోయిన దగ్గర్నుంచి బజారులో కొత్త రబ్బరు లేదు. మిలిటరీ వాళ్ళు పారేసిన లారీ టైరు ముక్క ఒకటి సంపాదించి, ఉలితో కోసి, నాలుగు దిమ్మలు చేశాడు. రెండు నా సైకిలుకు, రెండు అంకమ్మరావు సైకిలుకు. ముందు చక్రాలకు మాత్రమే. వెనక చక్రాలకు సరిపడా రబ్బరు మిగల్లేదు.

"ఈ ఏడాదిలో బ్రేకు అడిగింది మీరేనండీ రిపోర్టరు గారూ" అన్నాడు హనుమయ్య. "మన దగ్గర ఎత్తేముంది, పల్లమేముంది? కాలు కింద పెడితే బండి ఆగుద్ది."

నిజమే. పద్దెనిమిదేళ్ళుగా ఈ జిల్లాలో సైకిలు మీదే వార్తలు పోగు చేస్తున్నాను. కాలవ గట్ల వెంట కూచిపూడి దాకా, అవనిగడ్డ దాకా తొక్కాను. బ్రేకు పట్టిన గుర్తు లేదు.

బిగించే ముందు హనుమయ్య ఎర్రగా కాల్చిన సూదితో ఒక్కో దిమ్మ పక్కన ఒక్కో అక్షరం పొడిచాడు. నా వాటి మీద 'పా', అంకమ్మరావు వాటి మీద 'అం'. రబ్బరు దొంగతనాలు మొదలయ్యాక అన్నిటికీ ఇలాగే గుర్తు పెడుతున్నాడట.

"పాండురంగయ్య గారివి పాండురంగయ్య గారికే, అంకమ్మరావువి అంకమ్మరావుకే. రేపు పేచీ రాకూడదు గదండీ."

ఎడిటరు గారికి ఏజెన్సీ కొండల మీద వరసగా ఎనిమిది లేఖలు కావాలి. అక్కడ కట్టుకోవడానికి బట్ట లేదనీ, జ్వరానికి కొయినా మాత్రలు లేవనీ విన్నారు. పెట్రోలు లేదు. బొగ్గు గ్యాసు బస్సు కొండ ఎక్కితే ఎక్కుతుంది, లేకపోతే లేదు. నర్సీపట్నం రోడ్డు స్టేషను దాకా రైలు, అక్కణ్ణుంచి సైకిళ్ళు.

అంకమ్మరావు నా భార్య శివపార్వతి తమ్ముడు. ఇరవై ఆరేళ్ళు. మంగళగిరి బట్ట సైకిలు మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముతాడు. కొండలు చూడాలని ముచ్చటపడ్డాడు. అందుకని తీసుకెళుతున్నాను.

జనవరి 19

శివపార్వతి అన్నం వడ్డిస్తూ అడిగింది. "మా వాణ్ణి మీరే రమ్మన్నారటగా?"

"వస్తావా అన్నాను."

"రెండుసార్లు కబురు పెట్టారని నాన్న చెప్పాడు. మీరు పిలిస్తే వాడు కాదంటాడా? మీరు ఎక్కడికంటే అక్కడికి వస్తాడు." మజ్జిగ పోసి, "జాగర్తగా తీసుకురండి" అంది.

ఒక్కణ్ణీ వెళ్ళలేక కాదు. ఇద్దరుంటే పంక్చరు పడ్డప్పుడు సుళువు.

జనవరి 22, ఘాటు రోడ్డు మీద

ఉదయం ఏడింటికి కొండ కింద ఊరు వదిలాం. మధ్యాహ్నం రెండున్నరకు పైకి చేరాం. తొమ్మిది మైళ్ళు. ఎనిమిది మైళ్ళు సైకిళ్ళు నెట్టుకుంటూ నడిచాం. రోడ్డుకు ఒక పక్క కొండ, రెండో పక్క గాలి. గోడ లేదు. అక్కడక్కడ సున్నం కొట్టిన రాళ్ళు పాతారు. ఆ రాళ్ళ మధ్య నుంచి అడుగున ఉన్న చెట్ల తలలు కనిపిస్తాయి.

ఎక్కుతున్నంత సేపూ కొండ పక్కకే నడిచాను.

"బావా, భుజం గీరుకుపోతంది చూసుకో. ఆ కొండకేమన్నా చుట్టమా నువ్వు, అంత ఆనుకుంటన్నావు?"

అంకమ్మరావు బయటి అంచు మీద నడిచాడు. బట్టల మూట వెనక స్టాండు మీద కట్టి, రాళ్ళను కాలితో లోయలోకి నెట్టి, ఎంత సేపటికి చప్పుడొస్తుందో లెక్కపెట్టాడు. కొన్నింటికి చప్పుడు రాలేదు.

పైన చలి. నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

జనవరి 24

పైకి వస్తే చదునుగా ఉంటుందనుకున్నాను. లేదు. మైలు ఎక్కాలి, మైలు దిగాలి. ఎక్కడం కష్టం. దిగడం వేరు. చక్రం తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది. పెడలు మీద కాలుకు పని ఉండదు. మనిషి చేతిలో ఒక్క బ్రేకు పిడి మాత్రం ఉంటుంది.

ఈ రోజు నాలుగు పల్లాలు. నాలుగూ బ్రేకు వదలకుండా దిగాను. అడుగుకు వచ్చాక కుడి చేతి వేళ్ళు పిడిని వదల్లేదు. ఎడమ చేత్తో ఒక్కొక్కటే ఊడదీశాను.

అంకమ్మరావు చూసి నవ్వాడు. తను బాగా వాలుగా ఉన్న చోట దిగి నడుస్తాడు, మిగతా చోట బండిని వదిలేస్తాడు. బ్రేకు ముట్టుకున్నట్టే లేదు.

జనవరి 26

కొండ కొనన ఒక ఊరు. పదకొండు ఇళ్ళు. ఒక ఇంటి తలుపు సగమే తీశారు. లోపల తల్లీ ఇద్దరు కూతుళ్ళూ ఉన్నారు. ముగ్గురికీ కలిపి ఒక్క చీర. ఎవరు బయటికి వస్తే వాళ్ళు కట్టుకుంటారు. మిగతా ఇద్దరూ లోపలే ఉంటారు. ఇది ఇద్దరు ముగ్గురిని అడిగి ఖాయం చేసుకున్నాను.

అంకమ్మరావు మూట విప్పి రెండు చీరలు గుమ్మంలో పెట్టాడు. సంతలో అమ్ముదామని తెచ్చినవి.

"మీ నాన్న ఏమంటాడో" అన్నాను.

"ఎలక కొట్టిందని చెబుదాం బావా. నువ్వు సాక్ష్యం. నువ్వు పేపరోడివి, నీ మాట ఎవరైనా నమ్ముతారు."

జనవరి 29

నా రబ్బర్లు అరిగాయి. గోరు మందం మిగిలింది. అంకమ్మరావువి కొత్తవిలాగే ఉన్నాయి.

జనవరి 30

చలిజ్వరం కాదు. కొయినా వేసుకున్నాను. చెయ్యి వణుకు తగ్గలేదు. కాబట్టి జ్వరం కాదు.

ఫిబ్రవరి 1

ఘాటు రోడ్డు తల దగ్గర ముసాఫరు బంగళాకు చేరాం. రేపు దిగాలి. తొమ్మిది మైళ్ళు. వచ్చేటప్పుడు ఒక్క మలుపు కూడా లెక్కపెట్టలేదు, ఇప్పుడు బంగళా వాచరును అడిగాను. ఇరవై మూడు అన్నాడు. బస్సు రావడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందన్నాడు. నడిచి దిగుదామా అన్నాను అంకమ్మరావుతో. ఎక్కేటప్పుడు ఎటూ నడిచామనీ, ఇప్పుడైనా తొక్కనివ్వమనీ నవ్వాడు. నేను మళ్ళీ అడగలేదు.

ఆఫీసుకు నాలుగో లేఖ పూర్తి చేశాను.

ఫిబ్రవరి 2, ఉదయం

అంకమ్మరావు వాగుకు స్నానానికి వెళ్ళాడు. బ్రేకులు సరిచూశాను. రెండు బళ్ళవీ.

ఫిబ్రవరి 3

అంకమ్మరావు కాలు విరిగింది. ఎముక బయటికి వచ్చింది. ఇప్పుడు ఎడ్లబండిలో కిందికి తీసుకెళుతున్నాం. తప్పు నాదే. వాగు పట్టుకుని దిగడం నా తప్పు. నాదే తప్పు.

నర్సీపట్నం, ఫిబ్రవరి 6, ఆదివారం

జరిగింది వరసలో రాస్తాను. రాస్తే చెయ్యి నిలకడగా ఉంటుంది.

ఫిబ్రవరి 2 ఉదయం ఎనిమిదింటికి బంగళా వదిలాం. బయలుదేరే ముందు బ్రేకులు సరిచూశాను. నేను ముందు, అతను వెనక. మొదటి మలుపు దాటాం. రెండోది దాటాం. నాలుగో మలుపు తరవాత వెనక చప్పుడు ఆగిపోయింది. అతను పిలిచాడేమో తెలియదు. నాకు వినపడలేదు. గాలి ఎక్కువగా ఉంది.

ఆగి, నడుచుకుంటూ పైకి వెళ్ళాను. నాలుగో మలుపులో సున్నం కొట్టిన రాయి ఒకటి పక్కకు ఒరిగి ఉంది. అంకమ్మరావు రోడ్డుకు పది పన్నెండు అడుగుల కింద ఒక చెట్టు మొదట్లో చిక్కుకుని ఉన్నాడు. సైకిలు ఇంకా కింద. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. మాట్లాడాడు. "మూట జారిపోయింది బావా" అన్నాడు. దిగి వెళ్ళి చేతులు పట్టి పైకి లాగాను. ఎట్లా లాగానో తెలియదు. తువ్వాలుతో కాలు కట్టి కొండ పక్కకు ఆనించి కూర్చోబెట్టి, సహాయం కోసం బయలుదేరాను. అప్పుడు తొమ్మిదింపావు.

ఇక్కడ నేను చేసిన తప్పు దాచకుండా రాస్తాను. రోడ్డు మెలికలు తిరుగుతుంది, వాగు తిన్నగా దిగుతుంది. మా వైపు నీటిని పట్టుకుని నడిస్తే ఊరు రాకుండా ఉండదు. కాలవ మీద లాకు, లాకు దగ్గర టీ దుకాణం, దాటితే ఇళ్ళు. పుట్టినప్పటి నుంచీ చూసింది అదే. అందుకని మలుపు దగ్గర వాగులోకి దిగాను. ఇటూ అటూ రాతి గోడలు, మధ్యలో నీళ్ళు. గంట నడిచాక నీళ్ళు రెండు తాటిచెట్ల ఎత్తు నుంచి కిందికి పడుతున్న చోటికి వచ్చాను. తిరిగి ఎక్కాను. పాయ తప్పాను. ఇంకో వాగులో దిగాను. ఊరు లేదు. మనిషి లేడు. మూడు గంటలకు అరవడం మొదలుపెట్టాను. గొంతు పోయేదాకా అరిచాను. ఏం అరిచానో నాకే తెలియదు.

పొద్దు వాలాక ఒక ముసలామె కనిపించింది. నెత్తిన చింతపండు బుట్ట. పేరు ఆదెమ్మ. నన్ను చూసి ముందు భయపడింది, తరవాత నవ్వింది.

"నీరు కాడ ఊరుంటాదేటి బాబూ? నీరు కాడ జొరం ఉంటాది, ఎలుగ్గొడ్డు ఉంటాది. ఊరు పైన ఉంటాది. రోడ్డు వొగ్గేసి గెడ్డలోకి ఎందుకు దిగినావు?"

ఆమె ఊరికి వెళ్ళి మనుషుల్ని పట్టుకుని అంకమ్మరావు దగ్గరికి చేరేసరికి తెల్లారింది. కదలకుండా అక్కడే కూర్చుని ఉన్నాడు. దాహం అన్నాడు. నన్ను చూసి ఇంకేమీ అనలేదు.

వాగు పట్టుకుని దిగడం నా తప్పు. డెల్టా మనిషిని, తెలియక చేశాను. కానీ తప్పే. ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

ఫిబ్రవరి 7

కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఒక పూట ముందు తెస్తే నిలిచేదేమో అన్నాడు డాక్టరు. ఖాయంగా చెప్పలేనన్నాడు.

ఫిబ్రవరి 9

మామకు తంతి ఇచ్చాను. ఆరు మాటలు. ఎన్నోసారికి సరిగ్గా రాశానో చెప్పలేను.

బెజవాడ, ఫిబ్రవరి 22

అంకమ్మరావును రైల్లో తెచ్చి ఇక్కడి ఆస్పత్రిలో చేర్పించాం. పుండు మానుతోంది. సైకిళ్ళు వెనక పార్సిలులో వచ్చాయి. అతని బండి వంకర్లు పోయింది, దాన్ని మామ ఆదిశేషయ్య గారు మంగళగిరి తీసుకెళ్ళారు. నాది వరండాలో ఉంది. గోనెపట్టా కప్పాను. వచ్చాక ఎక్కలేదు. ఆఫీసుకు నడిచే వెళుతున్నాను.

ఫిబ్రవరి 27

ఆరో లేఖ పడింది. ప్రమాదం గురించి, వాగు గురించి ఉన్నదున్నట్టు రాశాను. ఎడిటరు గారు ఒక్క మాట తీయలేదు. తన పొరపాటును ఇంత నిజాయితీగా ఒప్పుకున్న విలేకరి అరుదని తెనాలి నుంచి, గుడివాడ నుంచి ఉత్తరాలు వచ్చాయి. రెండింటినీ సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఫిబ్రవరి 29

ఆస్పత్రిలో మార్త అనే నర్సు కట్టు మారుస్తోంది. పేపరు చదివిందట.

"ఒక్క సంగతి అర్థం కాలేదు సార్. మీ సైకిలు బాగానే ఉందిగా? దాని మీద దిగిపోతే గంటలో కింద ఊరు చేరేవాళ్ళు కదా. వాగెందుకు?"

అంకమ్మరావు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు.

"అప్పుడు తోచలేదమ్మా" అన్నాను.

"అంతేలెండి. కంగారులో ఎవరికైనా అంతే" అంది మార్త.

మార్చి 2

మామ వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బండి విప్పి చూశాను అల్లుడు గారూ. ముందు చక్రం రబ్బర్లు ఇనుము దాకా అరిగిపోయి ఉన్నాయి. పది రోజుల్లో కొత్త రబ్బరు అట్టా అరుగుద్దా? హనుమయ్య గాడు మీ బండికి మంచివి వేసి మావాడికి పాతవి అంటగట్టాడు. వాడికి తెలుసు, మావాడు నోరెత్తడని."

కుర్చీ ఆయన వైపు జరిపాను.

"పెద్దలతో చెప్పాను. పన్నెండో తారీకు ఆదివారం చావడిలో కూర్చుంటారు. మగ్గాల వీధిలో నలభై బళ్ళున్నాయి. ఒక్క బండి వాడి షాపు గుమ్మం ఎక్కకుండా చేస్తాను. వాడు ఊరొదిలి పోవాలి. మీరు కూడా రావాలి. మీరొచ్చి, ఆ రబ్బర్లు మీ కళ్ళ ముందే వేశాడని చెబితే చాలు."

"వస్తాను" అన్నాను.

మార్చి 3

దిమ్మల పక్కన అక్షరాలు ఉంటాయి. అరిగిన వాటి మీద అక్షరం సగం పోయి ఉంటుంది. మామకు అది గీతలా కనిపించి ఉంటుంది.

మార్చి 6

హనుమయ్య వచ్చాడు. సీతానగరం రేవు నుంచి పడవ దాటి, అక్కణ్ణుంచి నడిచి వచ్చాడు. వరండాలో నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. గోనెపట్టా కప్పిన సైకిలు అతని మోచేతికి జానెడు దూరంలో ఉంది.

"నాలుగూ ఒక్క ముక్కలోంచే కోశానండీ. మీరు దగ్గరుండి చూశారు. పెద్దలకు అదే చెబుతున్నా, వినటల్లా. మీ బండి ఒక్కసారి తెచ్చి చూపిస్తే చాలు. మీ రబ్బర్లెట్టా ఉన్నాయో, అంకమ్మరావువీ అట్టాగే వేశానని తెలుస్తది. మీ బండే నాకు సాక్ష్యం."

"బండి ఇక్కడ లేదు. ఆఫీసులో ఉంది" అన్నాను.

"ఆదివారం నాటికి తెప్పించండి చాలు. ముప్పై ఏళ్ళు ఆ షాపులోనే ఉన్నానండీ. ఇంకో చోట ఎవరికి నేను?"

శివపార్వతి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగి, చెంబు ఎక్కడ పెట్టాలా అని చూసి, గోనెపట్టా మీద పెట్టబోయి, మానుకుని ఆమె చేతికే ఇచ్చాడు.

మార్చి 7

కత్తి పదును పెట్టించాను. పెన్సిళ్ళు చెక్కుకోవడానికి.

మార్చి 8, బుధవారం

మధ్యాహ్నం శివపార్వతి ఆస్పత్రికి క్యారేజీ తీసుకెళ్ళింది. సైకిలును వరండాలో తలకిందులుగా నిలబెట్టాను. ఎడమ దిమ్మ పక్కన ఉన్న అక్షరాన్ని చెక్కేశాను. రబ్బరు చెక్కితే ఎగుడుదిగుడుగా వస్తుంది. నున్నగా రాదు. కుడి దిమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె తిరిగి వచ్చింది. క్యారేజీ గిన్నె ఒకటి మరిచిపోయిందట.

"ఏం చేస్తున్నారు?"

"తుడుస్తున్నాను."

దగ్గరికి వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది. నా చేతిలో కత్తి తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

కుడి దిమ్మ అలాగే ఉంది.

మార్చి 9

కలెక్టరాఫీసులో నూలు కోటా సమావేశం. రెండు గంటలు కూర్చుని నోట్సు రాసుకున్నాను. ఆఫీసుకు వచ్చి పుస్తకం తెరిస్తే పేజీ నిండా ఇరవై మూడు అని అంకెల్లో రాసి ఉంది.

మార్చి 10

అంకమ్మరావు దగ్గరికి వెళ్ళాను. సాయంత్రం నాలుగింటికి. మార్తను కాసేపు బయటికి వెళ్ళమన్నాను. చెప్పాల్సిన మాటలు దారిలోనే వరస పెట్టుకున్నాను. ఆ వరసలో ఒక్కటీ రాలేదు.

"నీ బండి రబ్బర్లు నేను మార్చాను" అన్నాను.

కిటికీ వైపు చూస్తున్నాడు. అలాగే చూస్తూ అడిగాడు. "ఎప్పుడు?"

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. నావి అరిగిపోయాయి. అవి నీ బండికి బిగించి, నీవి తీసుకున్నాను. నువ్వు ఎటూ బ్రేకు వాడవు కదా అనుకున్నాను."

పక్క మంచం మీద ముసలాయన దగ్గుతున్నాడు.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదా బావా. నీకు ఇచ్చి నేను నడిచొచ్చేవాణ్ణి. నడవడం నాకేమన్నా కష్టమా?" తరవాత దుప్పటి కింద కాలు లేని చోటు చూసి, "అప్పుడు" అన్నాడు.

నేను లేవబోయాను.

"కూర్చో. రబ్బర్ల సంగతి నాకు తెలియదు. ఒక్క సంగతి తెలుసు. మొదటి మలుపులోనే బ్రేకు పట్టలా. చెప్పు తీసి టైరుకు అదిమిపెట్టా. ఆగలా. పిలిచా నిన్ను. రెండుసార్లు పిలిచా. నువ్వు వెనక్కి తిరిగి చూశావు."

నా వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళ నుంచీ, నువ్వు చూళ్ళేదేమోలే, నాకే అట్టా అనిపించిందేమోలే అనుకుందామని చూస్తన్నా. చూశావా బావా?"

"చూశాను."

తల ఊపాడు. లెక్క తేలినట్టు ఊపాడు.

"నాన్నకు నేను చెప్పను. నువ్వే చెప్పు. హనుమయ్యది ఏమీ లేదని చెప్పు. పాపం, ఆయన ఆ అక్షరాలు పొడుస్తుంటే నేను నవ్వా, ఎవడు దొబ్బేస్తాడయ్యా మా దగ్గర అని."

మార్చి 11, శనివారం

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. తప్పు ఏ పేజీలో పడితే సవరణ ఆ పేజీలోనే పడాలి, అదే అక్షరాల సైజులో. కనుక ఇక్కడే రాస్తున్నాను.

సవరణ. అంకమ్మరావు కొండలు చూడాలని ముచ్చటపడ్డాడని జనవరి 17న రాశాను. అతను అడగలేదు. నేనే రెండుసార్లు కబురు పెట్టాను. ఒంటరిగా కొండల్లోకి వెళ్ళడానికి భయపడ్డాను.

ఫిబ్రవరి 2న బ్రేకులు సరిచూశానని రాశాను. మార్చాను. నట్టు రెండుసార్లు కిందపడింది. అతను వాగు నుంచి పాడుకుంటూ వస్తున్న చప్పుడు వినపడుతుంటే ఆఖరి నట్టు బిగించాను.

పిలుపు వినపడలేదని ఫిబ్రవరి 6న రాశాను. వినపడింది. రెండుసార్లు. రెండోసారి తిరిగి చూశాను. అతను ముప్పై గజాల వెనక ఉన్నాడు. బండి ఆగడం లేదని చూడగానే తెలిసింది. నేను ఆగి అడ్డంగా నిలబడితే పట్టుకోగలిగే వాణ్ణో లేదో తెలియదు. ఆగితే వచ్చి నా మీద పడతాడనీ, ఇద్దరం అంచు దాటుతామనీ అనుకున్నాను. బ్రేకు వదిలేశాను. పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా వదలని బ్రేకును అప్పుడు వదిలేశాను. అతనికి దూరంగా పోవడానికి.

వాగు అడ్డదారి అనిపించి దిగానని రాశాను. ఆ సంగతి పేపర్లో కూడా వేశాను. నా సైకిలు రోడ్డు మీదే ఉంది. దానికి మంచి బ్రేకు ఉంది. ఎక్కడానికి ప్రయత్నించాను. కాలు లేవలేదు. నడిచి దిగడానికి కూడా ఆ అంచు వెంట నడవాలి. వాగులో రెండు పక్కలా గోడలున్నాయి. అందుకు దిగాను. నీరు పట్టుకుంటే ఊరు వస్తుందనేది తరవాత తోచిన కారణం. అబద్ధం కాదు. కారణం మాత్రం అది కాదు.

మిగతా తేదీలు, దూరాలు సరిగానే ఉన్నాయి.

సోమవారం ఎడిటరు గారికి ఇందులో ఆయన పేపరుకు సంబంధించినంత మేరకు నకలు ఇస్తాను. వేస్తే వేస్తారు. ఉద్యోగం సంగతి ఆయన ఇష్టం.

మధ్యాహ్నం శివపార్వతికి చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టలేదు. మొత్తం విన్నది.

"బండి తీసుకెళ్ళండి రేపు" అంది చివరికి. "కుడి పక్కది ఉంది కదా ఇంకా. అది చాలు."

మార్చి 12, ఆదివారం, సీతానగరం రేవు, సాయంత్రం

పడవ ఇంకా రాలేదు. రాస్తున్నాను.

పొద్దున రేవు దాటాక మంగళగిరి దాకా సైకిలును నడిపించుకునే వెళ్ళాను. చావడిలో పాతిక మంది ఉన్నారు. మామ ముందు వరసలో కూర్చున్నారు. హనుమయ్య గుమ్మం బయట నిలబడ్డాడు. నా బండిని చూడగానే మొహం తేటపడింది. "తెచ్చారా అండీ" అని ఎదురొచ్చాడు.

చెప్పాను. నిన్న రాసిన వరసలోనే చెప్పాను. కొన్ని చోట్ల ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్కరూ మధ్యలో మాట్లాడలేదు. దానికంటే మాట్లాడి ఉంటే బాగుండేది.

అయిపోయాక మామ లేచారు. నన్ను కొడతారనుకున్నాను. చేతులు అడ్డం పెట్టుకున్నాను కూడా. ఆయన నన్ను దాటి హనుమయ్య ముందుకు వెళ్ళి నిలబడ్డారు. "హనుమయ్యా" అన్నారు. చెప్పులు తొడుక్కుని వీధిలోకి వెళ్ళిపోయారు. చెప్పులు అటుదిటు తొడుక్కున్నారు. అలాగే వెళ్ళారు.

పెద్దలు ఒక్కొక్కరే లేచారు. నా వైపు చూసినవాళ్ళు లేరు.

హనుమయ్య సంచీలోంచి పానా తీశాడు. నా బండిని తలకిందులు చేసి రెండు రబ్బర్లూ ఊడదీశాడు. కుడి దాని మీద 'అం' స్పష్టంగా ఉంది. ఎడమ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. చెక్కిన చోట బొటనవేలితో రుద్దాడు. రెండింటినీ గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇవి అంకమ్మరావువండీ" అన్నాడు. "మీ వాటికి రబ్బరు దొరికినప్పుడు చూద్దాం."

బండిని మళ్ళీ నిలబెట్టి, సీటు తుడిచి, నా చేతికి ఇచ్చాడు.

ఎక్కాను. నలభై రోజుల తరవాత ఎక్కడం ఇదే. మంగళగిరి నుంచి రేవు దాకా దారి చదును, బ్రేకుతో పని లేదు. ఎక్కడా బెత్తెడు పల్లం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా వచ్చినంత దూరం కుడి కాలిని నేల మీద ఈడ్చుకుంటూనే వచ్చాను. చెప్పు అడుగు అరిగిపోయింది.